కబ్బన్ పార్కులో సైకిలు సవారి

బెంగుళూరులో పిల్లవానికి సైకిలు కొనిపెట్టడం సులువే. తొక్కడానికి చోటు చూపించడమే కష్టం. వీధిలో మోటార్ల రొద, కాలిబాట మీద నిలిపిన బండ్ల వరుస. ఆదివారం ఉదయం కబ్బన్ పార్కుకు తీసికొని వెళ్లండి.

1870లో మైసూరు సంస్థానపు ముఖ్య ఇంజనీరు సాంకీ దొర వేయించిన తోట యిది. తొలిపేరు మీడ్స్ పార్కు. 1927లో శ్రీ చామరాజేంద్ర పార్కు అన్నారు. జనం నోట మాత్రం కబ్బన్ దొర పేరే నిలిచింది.

తక్కిన దినాలలో ఇందులోని తారురోడ్లు కార్లవారికి అడ్డదారులు. ఆదివారం మోటార్లకు ప్రవేశం లేదు. అప్పుడు వెదురుపొదల కిరకిర కూడా వినవస్తుంది. ఎర్రని హైకోర్టు భవనం వైపు నుంచి శేషాద్రి అయ్యర్ పేరిటి గ్రంథాలయం దాకా, సైకిలు నేర్చుకొనే కుర్రవాడు వెనుక హారను మోగుతుందన్న భయం లేకుండా పోవచ్చును. సీటు పట్టుకొని వెంట పరుగెత్తే తండ్రికే ఆయాసం!

చుట్టు తిరిగి పోవలసి వస్తున్నదని గొణిగే కార్లవారు లేకపోలేదు. ఆదివారం నాడు ఏ కచేరీకి ఆలస్యమవుతున్నదో! ఆరు దినాలు వారివైనప్పుడు ఏడవది పిల్లలకు వదలడం గొప్ప త్యాగమేమీ కాదు.

పెందలకడ వెళ్లడం మంచిది. నడిచే వృద్ధులుంటారు గనుక బెల్లు, బ్రేకు ముందుగా చూచుకోవాలి. బాలభవనం దగ్గర చిన్నపిల్లల సందడి ఎక్కువ. అచ్చట దిగి నడిపించుకొని పోవాలి.