మీకు తెలుసా? కతోలికులు చితాభస్మాన్ని గోదాట్లో కలపరు

బాల్కొండ హిందువులకు అస్థికలు కలపాలంటే పోచంపాడు దగ్గర గోదావరి ఉంది. ముస్లింలకు ఆ అవసరమే రాదు; ఇస్లాంలో దహనం నిషిద్ధం. కతోలికులకు 1963 నుంచి దహనానికి అనుమతి ఉంది. కానీ చితాభస్మాన్ని నీళ్లలో కలపవద్దని, పవిత్ర స్థలంలోనే భద్రపరచాలని 2016లో వాటికన్ చెప్పింది. ఇద్దరికీ ఒక నమ్మకం ఉంది: చివరి రోజున దేహంతో లేస్తామని.

తీర్పు, స్వర్గం, నరకం ఇద్దరికీ ఉన్నాయి. యేసు మళ్లీ వస్తాడనీ (ముస్లింలకు ఆయన ఈసా ప్రవక్త) ఇద్దరూ నమ్ముతారు.

అసలు తేడా చావుకూ ఆ చివరి రోజుకూ మధ్య కాలంలో ఉంది. సమాధిలో మున్కర్, నకీర్ అనే దూతలు ప్రశ్నిస్తారని, ప్రళయం దాకా ఆత్మ బర్‌జఖ్‌లో ఉంటుందని ముస్లింల విశ్వాసం. కతోలికులకైతే చనిపోగానే ఎవరి తీర్పు వారికి. దైవకృపలో పోయినా ఇంకా శుద్ధి కావలసిన ఆత్మలు ఉత్తరించు స్థలానికి వెళ్తాయి; బతికున్నవారి ప్రార్థన, పూజాబలి వాటికి ఆసరా. అందుకే నవంబర్ 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలుగుతాయి. షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్లలోనూ ఫాతిహా చదువుతారు, ఆ ఆచారాన్ని ఒప్పుకోని ముస్లిం పండితులు ఉన్నా సరే.