దూదేకుల తాతగారి ఐదెకరాలు

మా తాతగారి తండ్రి దూది ఏకేవారు. భుజాన విల్లు వేసుకొని, పరుపులకు దూది ఏకుతూ ఊరూరా తిరిగేవారని వింటూ పెరిగాము. ఇంట మాట్లాడింది తెలుగే. ఆయన ఛాయాచిత్రం లేదు, సమాధిపై పేరూ లేదు.

వంశవృక్షం వ్రాయబూనినప్పుడు మాకు ఆధారమైనవి ట్రంకుపెట్టెలోని శిస్తు రసీదులు. కష్టార్జితంతో కొన్న ఐదెకరాల మెట్ట ఆయన అనంతరం ఇద్దరు కుమారుల పేరిట మారింది. ఆయనకు ఒక కుమార్తె కూడా ఉండేవారు. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు. వృద్ధురాలైన మా మేనత్తగారి జ్ఞాపకంలో మాత్రమే మిగిలింది.

తల్లిదండ్రులు విడిచిన ఆస్తి కొంచెమైనా అధికమైనా అందులో స్త్రీలకు భాగమున్నదని దివ్య ఖుర్‌ఆన్ 'అన్నిసా' సూరా 7వ ఆయతు నిర్ణయించింది. 11వ ఆయతు ప్రకారం కుమారునికి ఇద్దరు కుమార్తెలకు సమానమైన భాగం. తాతగారి తల్లిదండ్రులు, భార్య ఆయనకంటే ముందే మరణించారు. కనుక ఆమెకు రావలసినది ఐదింట ఒకటి, అనగా ఒక ఎకరం. 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజమే. చట్టం మినహాయించినంత మాత్రాన ఆయతు మారుతుందా?

ఆ భూమి ఏనాడో అమ్ముడైపోయింది. ఎకరం విలువ లెక్కగట్టుకొని, గత రమజాన్‌లో ఆమె మనుమల ఇంటికి వెళ్ళాము. సొమ్ము మాట ఇంకా తేలలేదు. పెద్ద మనుమడు మాత్రం మా చేతిలోని పుస్తకం అందుకొని, "మా నానమ్మ పేరు ఎక్కడ వ్రాశారు?" అని అడిగారు. చూపించాము. ఒక అక్షరం తప్పుంటే ఆయనే దిద్దారు.