మీకు తెలుసా? తిక్కన రాయబారాల్లో సూటి మాట, చాటు మాట

మాటను ఉన్నదున్నట్లు పలికే తీరుకు, సందర్భం, హోదా, మౌనం ద్వారా భావాన్ని అందించే తీరుకు గల భేదాన్ని అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టి. హాల్ 1976 నాటి తన గ్రంథంలో సంస్కృతుల మధ్య తేడాగా వివరించారు. అంతకు సుమారు వెయ్యేళ్ల ముందే, 9వ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు, పదం నేరుగా ఇచ్చే వాచ్యార్థాన్ని, మాటల వెనుక స్ఫురించే వ్యంగ్యార్థాన్ని వేరుచేసి, రెండోది ప్రధానమైన చోట కలిగే ధ్వనిని కావ్యానికి ఆత్మగా నిలిపాడు.

నెల్లూరులో, 13వ శతాబ్దంలో మనుమసిద్ధికి మంత్రిగా ఉన్న తిక్కనకు ఈ భేదం రాజకార్యంలోనూ పరిచితమే. రాజ్యం కోల్పోయిన ప్రభువు తరఫున ఆయన ఓరుగల్లుకు వెళ్లి కాకతీయ గణపతిదేవుని సాయం కోరినట్లు సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. మహాభారతంలో విరాటపర్వం మొదలు 15 పర్వాలను తెలుగు చేసిన ఈ కవి ఉద్యోగపర్వంలో ఆ అనుభవపు ఛాయలు కనిపించడం సహజం. అక్కడ ధృతరాష్ట్రుడు సంజయుని ద్వారా శాంతిని ఎంతో మెచ్చుకుంటాడు గాని, పాండవుల రాజ్యభాగం ఊసెత్తడు, అంటే నిరాకరణ పలకకుండానే వినబడుతుంది. ఆ మౌనాన్ని గ్రహించిన ధర్మరాజు కనీసం అయిదు ఊళ్లయినా ఇమ్మని స్పష్టంగా అడుగుతాడు. ద్రౌపది మాత్రం ఏ చాటూ లేకుండా, కౌరవసభకు ఈడ్చినప్పుడు పట్టిన తన జుట్టును, రాయబారానికి వెళ్లబోతున్న కృష్ణునికి చూపి, సంధి మాటల నడుమ దానిని మరవవద్దని నిలదీస్తుంది. తెలుగు సాహిత్యంలో సూటి మాటకు ఇంతకన్నా బలమైన నిదర్శనం అరుదు.