పాత జీపా, క్రొత్త జీపా? కొనకముందు యోచింపవలసిన సంగతులు



కాప్రా 2007 లో హైదరాబాదు మహానగరమున గలిసినది. ఇచట గాపురముండి కీసర, శామీర్‌పేట వైపు సేద్యము చేయు రైతులు కొందరు, వానకాలమున దిగబడు బాటలలో బోవుటకై నాలుగు చక్రములకును బలమందు బండి కొనదలచి, పాతది మేలా, క్రొత్తది మేలా యని యడుగుచున్నారు. అప్పు చేసిన పిదప విచారించుటకంటె ముందుగా విచారించుట లెస్స.

2010 లో వచ్చిన థార్‌ను, 2020 అక్టోబరున వచ్చిన థార్‌ను బోల్చి చూతము. పాతదాని 2.5 లీటర్ల డీజిలు యంత్రమునకు 105 గుఱ్ఱముల బలము, క్రొత్తదాని 2.2 లీటర్ల యంత్రమునకు 130. పాతదానికి వెనుక కమానుకట్టలు. క్రొత్తదానికి చుట్టు స్ప్రింగులు. కమానులో నొక పట్టీ విరిగిన దానినే మార్చుకొనవచ్చును. కాని రాదారిపై వేగముగా బోవునపుడు క్రొత్తదే నిలుకడ గలది. పాతదానిలో లేని గాలిసంచులును దానియందు గలవు. మారుతీవారి జిప్సీకిని, 2023 లో వచ్చిన జిమ్నీకిని గల భేదమును ఇట్టిదే.

క్రొత్తవాని చిక్కులును దెలియవలయును. 1-4-2020 నుండి అమలైన బి.ఎస్.6 నిబంధనల ననుసరించు డీజిలు బండ్లలో పొగగొట్టమున మసిని బట్టు జల్లెడ యుండును. దినమును కొద్దిదూరమే మెల్లగా దిరిగిన నది పూడుకొనును. అప్పుడప్పుడు రాదారిపై దూరము నడపవలయును. మఱియు, పేరు జూచి నమ్మరాదు. 2023 జనవరి నుండి వెనుక చక్రములకే బలమందు థార్ కూడ అమ్మకమున కున్నది. నాలుగు చక్రముల మీటయు, అందు తక్కువ గేరును ఉన్నవో లేవో స్వయముగా జూడుడు.

పాతబండిని బేరమాడుటకు ముందు మెత్తని నేలపై ఆ మీటను వేయించి నడిపి చూడుడు. గేరు జారినను, అడుగున గొట్టుకొను చప్పుడు వచ్చినను అనుమానింపవలయును. బండి క్రిందికి వంగి, చట్రమున త్రుప్పును, అతుకులను, ఇరుసులయొద్ద నూనె కారుటను పరీక్షింపుడు. నాలుగు టైర్లును ఒకే కొలతవై, ఒకే తీరున అరిగినవై యుండవలయును. పొడిగానున్న తారురోడ్డుపై నాలుగు చక్రముల మీట వేసి తిరుగరాదు. మలుపులలో చక్రములు ఒకదానితో నొకటి పెనగి గేర్లు చెడును.

కాగితములలో చట్రపు సంఖ్య, యంత్రపు సంఖ్య సరిపోవలయును. సొంతబండి రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగియును; ఎన్నేండ్లు మిగిలెనో చూచి ధర నిర్ణయింపుడు. పేరు మార్పునకు 29, 30 ఫారములపై సంతకములు గొనుడు. అమ్మువానికి బండిపై అప్పున్నచో, అది తీరినట్లు 35 ఫారము లేక సొమ్ము చెల్లింపకుడు.

కడపట, సంవత్సరమున ఎన్నిదినములు బురదలో నడువవలసియున్నదో లెక్కింపుడు. పది, పదునైదు దినములే యైనచో బాడుగ ట్రాక్టరు చవుక. పొలము పనికే యైనచో, తెలిసిన మెకానిక్కు చేరువ నున్నచో, మంచి పాతబండి చాలును. దాని మరమ్మతునకు కొంత సొమ్ము వేఱుగా నుంచుకొనుడు. ఆలుబిడ్డలతో రాదారిపై దినమును దిరుగువారికి క్రొత్తది తగును. ఏది కొన్నను, అప్పు తీరవలసినది పంటవలననే గాని బండివలన గాదు.