బెండు నుంచి రాడార్ దాకా: లైఫ్ జాకెట్ ప్రస్థానం

నీటిలో పడిన మనిషిని తేలేటట్లు చేయడం కన్నా అతని ముఖాన్ని నీటికి పైన నిలిపి ఉంచడం కష్టమైన పని, లైఫ్ జాకెట్ అని అందరూ పిలిచే నారింజ రంగు తొడుగు చరిత్ర అంతా ఈ తేడాను మెల్లమెల్లగా గుర్తించిన చరిత్రే. సిద్దిపేట కోమటిచెరువు ఒడ్డున పడవ ఎక్కేవారికి తొడిగించే జాకెట్‌కైనా, విశాఖపట్నంలో 2023లో ప్రారంభమైన క్రూయిజ్ టెర్మినల్‌కు వచ్చే విహార నౌకల జాకెట్లకైనా సూత్రం ఒకటే అయినప్పటికీ, వాటిని వాడే పరిస్థితుల్లో తేడా ఉంది. ఆ తేడాను పూడ్చడం కోసమే ఇటీవల రాడార్లు, ఉష్ణ కెమెరాలు కూడా ఈ కథలోకి వచ్చి చేరాయి.

మనిషి శరీర సాంద్రత, అంటే ఒక లీటరు పరిమాణానికి ఉండే బరువు, నీటి సాంద్రతకు చాలా దగ్గరగా ఉంటుంది కనుక ఊపిరి నిండా గాలి పీల్చుకున్నప్పుడు చాలామంది తేలుతారు, గాలి వదిలేయగానే మెల్లగా మునుగుతారు. అయితే తేలినప్పుడు నీటి పైకి కనిపించేది నడినెత్తి మాత్రమే, ముక్కూ నోరూ కావు. తల బరువు సుమారు 4, 5 కిలోలు; అది నీటిలో ఉన్నంతసేపు నీరే ఆ బరువును మోస్తుంది, పైకి ఎత్తితే మాత్రం ఆ భారం మిగిలిన శరీరం మీద పడి దాన్ని కిందికి తొక్కుతుంది. పెద్దవారిలో చాలామందికి తల పైన నిలవడానికి అదనంగా 3 నుంచి 5 కిలోల ఉత్ప్లవనం, అంటే నీరు వస్తువును పైకి నెట్టే బలం, సరిపోతుంది. సముద్రపు నీరు ఉప్పు వల్ల మంచినీటి కన్నా సుమారు రెండున్నర శాతం బరువు ఎక్కువ కాబట్టి 70 లీటర్ల శరీరానికి అక్కడ ఇంచుమించు పావు తక్కువ రెండు కిలోల ఆసరా అదనంగా దొరుకుతుంది; ఆ రాయితీ చెరువులోనూ రిజర్వాయర్‌లోనూ లేదు.

ఈ లెక్కలేవీ తెలియకుండానే తెలుగు పల్లెల్లో పిల్లలు వీపుకు జీలుగు బెండు గానీ, ఎండిన సొరకాయ బుర్ర గానీ, మూత బిగించిన డబ్బా గానీ కట్టుకొని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చుకున్నారు. ట్రాక్టర్ ట్యూబు వచ్చాక వీటి వాడకం తగ్గింది. అన్నింటికీ ఉన్న లోపం ఒకటే: వీపుకు కట్టిన తేలిక వస్తువు మనిషిని బోర్లా పడుకోబెడుతుంది, ఈత నేర్చుకునేవాడికి కావలసింది అదే గాని, స్పృహ తప్పినవాడికి అది ప్రాణాంతకం.

నావికుల కోసం బెండును చొక్కాగా మలిచిన ఘనత బ్రిటన్ లైఫ్‌బోట్ సంస్థ తనిఖీ అధికారి కెప్టెన్ జాన్ రాస్ వార్డ్‌కు దక్కింది. 1854లో ఆయన కార్కు ముక్కలను వరుసలుగా కాన్వాసు గుడ్డకు కుట్టించి, తెడ్లు వేసే చేతులకు అడ్డు రాని తొడుగును తయారు చేయించాడు. 1861 ఫిబ్రవరి 9న విట్బీ రేవులో తుఫానులో చిక్కిన ఓడలవారిని వరుసగా ఒడ్డుకు చేరుస్తున్న లైఫ్‌బోట్ బోల్తా పడినప్పుడు అందులోని 13 మందిలో 12 మంది చనిపోయారు. మిగిలిన ఒక్కడు హెన్రీ ఫ్రీమన్ ఒంటిమీద ఉన్నది వార్డ్ కార్కు జాకెట్. ఒక పరికరానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకడం అరుదు.

కార్కు బిరుసుగా, బరువుగా ఉండేది. పైనుంచి దూకినప్పుడు శరీరం కిందికి పోతుంటే జాకెట్ పైకి తన్ని గడ్డానికి, మెడకు దెబ్బ తగిలేది. అందుకే 20వ శతాబ్దం మొదట్లో దాని స్థానంలోకి తెల్లబూరుగు దూది వచ్చింది. తెలుగు ఇళ్లలో దిండ్లకు కూరే ఈ దూది పోగు లోపల బోలుగా ఉండి, పైన మైనం వంటి పూత ఉండటం వల్ల నీటిని దగ్గరకు రానివ్వదు, తన బరువుకు సుమారు 30 రెట్ల బరువును తేల్చగలదు. కాని ఓడ సిబ్బంది దాని మీద కూర్చుంటే నలిగిపోతుంది, నూనె అంటితే, పైగుడ్డ చిరిగితే నీటిని తాగేస్తుంది. 1912లో టైటానిక్ మునిగినప్పుడు ఇంకొక పరిమితి కూడా బయటపడింది: జాకెట్లు తొడుక్కున్నవారు తేలుతూనే, గడ్డకట్టే చలి నీటిలో చనిపోయారు. సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం, అంటే నావికులు సోలాస్ అని పిలిచేది, 1914లో ఆ ప్రమాదం నుంచే పుట్టింది.

లైఫ్ జాకెట్ చరిత్రలో అసలు మలుపు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వచ్చింది. సముద్రంలో పడిన పైలట్లు జాకెట్ ఉన్నా ఎందుకు చనిపోతున్నారన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే స్పృహ లేని మనిషి నీటిలో ఎలా ఉంటాడో చూడాలి. ఈత వచ్చినవాడు స్పృహ తప్పినట్టు నటించినా అతని మెడ కండరాలు తెలియకుండానే తలను నిలబెడతాయి. బ్రిటిష్ వైమానిక దళంలో మత్తు వైద్యుడైన ఎడ్గర్ పాస్క్ ఇందుకు తనే ప్రయోగ వస్తువయ్యాడు. ఈథర్‌తో లోతైన మత్తులోకి వెళ్లి, శ్వాసనాళంలో గొట్టం అమర్చుకొని, ఒక్కొక్క జాకెట్ తొడిగించుకొని, సహచరుల చేత ఈత కొలనులోకి దింపించుకున్నాడు. ఒళ్లంతా తడిగుడ్డలా వేలాడుతున్న ఆ స్థితిలో కొన్ని జాకెట్లు ఆయనను చక్కగా తేల్చాయి, ముఖం మాత్రం నీటిలోనే ఉంచాయి. ఉత్ప్లవనం ఎంత అన్నది కాదు, ఎక్కడ అన్నదే ముఖ్యమని ఇక్కడ తేలింది: ఛాతీ మీద ఎక్కువగా, మెడ వెనక కాలర్‌గా కొంత, వీపు మీద దాదాపు ఏమీ లేకుండా అమరిస్తే శరీరం దానంతట అదే వెల్లకిలా తిరుగుతుంది. సాహసం అనే మాట విజ్ఞాన చరిత్రలో తరచుగా చవకగా వాడబడుతుంది గాని, పాస్క్ విషయంలో దానికి సందేహం అక్కర్లేదు.

తరువాతి ప్రమాణాలన్నీ ఈ ప్రయోగాల నీడలోనే తయారయ్యాయి. బోర్లా పడిన, స్పృహ లేని మనిషిని 5 సెకన్లలోపు తిప్పి, నోటిని నీటికి 120 మిల్లీమీటర్ల పైన నిలపాలన్నది చాలా ఏళ్లపాటు సోలాస్ నియమం. 24 గంటలు మంచినీటిలో ముంచి ఉంచినా జాకెట్ ఉత్ప్లవనం 5 శాతం కన్నా ఎక్కువ తగ్గకూడదు. దూది స్థానంలో గాలి బుడగలు ఒకదానితో ఒకటి కలవని నురుగు ప్లాస్టిక్ వచ్చింది. తొడుక్కున్నా తెలియనంత పలచగా ఉండి, నీరు తగలగానే కరిగే బిళ్ల సూదిని వదలగా, సుమారు 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న సిలిండర్ తెరుచుకొని 15 కిలోల ఎత్తుబలంతో ఉబ్బే జాకెట్లు కూడా వచ్చాయి. మనిషి చేయవలసిన పనులను జాకెట్ ఒక్కొక్కటిగా తన మీద వేసుకుంటూ వచ్చింది. తొడుక్కోవడం ఒక్కటే మనిషికి మిగిలింది.

గోదావరిలో కచ్చులూరు మందం వద్ద 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోతున్న రాయల్ వశిష్ట బోటు బోల్తా పడిన ఘటన ఈ మిగిలిన పనికి సంబంధించినదే. దానిలో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు, వారిలో పలువురిని నీటి మీద నిలిపింది ఒంటిమీది జాకెట్లేనని ఆనాటి వార్తలు పేర్కొన్నాయి. ఉక్కపోతకు జాకెట్ విప్పి పక్కన పెట్టుకోవడం ఏ నదిలోనైనా ప్రయాణికులు చేసే పనే. నురుగు పలకల మధ్య చెమట పట్టడాన్ని అజాగ్రత్త అని కొట్టిపారేయకుండా రూపకల్పనలో లోపంగా చూడటం న్యాయం.

విహార నౌకలో పరిస్థితి మరీ విచిత్రం. అక్కడి జాకెట్లు ఓడ మునిగితే వాడటానికి ఉన్నవి, రెయిలింగ్ దాటి పడిపోయే ప్రయాణికుడి ఒంటిమీద అవి ఉండవు. 20 మీటర్ల ఎత్తు నుంచి పడితే నీటిని తాకే వేగం గంటకు 70 కిలోమీటర్లు దాటుతుంది. 20 నాట్ల వేగంతో పోతున్న ఓడ ఒక్క నిమిషంలో 600 మీటర్లకు పైగా దూరమవుతుంది, అప్పటికి అలల మధ్య తల కొబ్బరికాయంత కూడా కనిపించదు. అందుకే చూసినవాడు మొదట చేయవలసింది కేక వేయడం, దగ్గరి లైఫ్‌బాయ్‌ను విసరడం, తరువాత మరే పనికీ చూపు తిప్పకుండా పడిన మనిషి వైపు వేలు చూపిస్తూ నిలబడటం. లైఫ్‌బాయ్ అంటే ఓడ కమ్మీలకు వేలాడే గుండ్రటి తేలుడు చక్రం. 30 మీటర్ల నుంచి జారవిడిచినా పగలకుండా, 14.5 కిలోల ఇనుమును మంచినీటిలో 24 గంటలు మోయగలగాలి. ఓడను వెనక్కి తిప్పడానికి వాడే విలియమ్‌సన్ మలుపు 1943 నుంచి పేరు పొందింది: చుక్కానిని మనిషి పడిన వైపుకే పూర్తిగా తిప్పి, దిశ 60 డిగ్రీలు మారాక ఎదురు వైపుకు తిప్పితే, ఓడ తాను వచ్చిన దారిలోనే తిరుగు ముఖం పడుతుంది.

ఎవరూ చూడకపోతే ఈ విద్యలన్నీ వృథా. అందుకే 2010 నాటి అమెరికా చట్టం విహార నౌకల్లో రెయిలింగ్ కనీసం 42 అంగుళాలు ఉండాలని, పడినవారిని పసిగట్టే సాంకేతికతను అందుబాటులో ఉన్నంత మేరకు అమర్చాలని కోరింది. ఓడ పక్కలను కాపు కాసే రాడార్లు, శరీర వేడిని పట్టే కెమెరాలతో పనిచేసే ఇలాంటి ఏర్పాట్లకు 2020లో అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. గాలికి ఎగిరిన తువ్వాలును, వాలిన పక్షిని, పడిన మనిషిని విడదీసి చెప్పడమే ఈ యంత్రాలకు పెద్ద పరీక్ష, ఎందుకంటే నాలుగుసార్లు ఉత్తుత్తి హెచ్చరిక మోగితే అయిదోసారి ఎవరూ పట్టించుకోరు. 2022 నవంబరులో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఒక విహార నౌక నుంచి పడిన వ్యక్తి జాకెట్ లేకుండానే 15 గంటలకు పైగా తేలి ఉండి బతికాడు. నీరు వెచ్చగా ఉండటం అందుకు ముఖ్య కారణం. అలా చాలాసేపు నీటిలో ఉన్నవారిని నిలువునా పైకి లాగితే, అప్పటిదాకా కాళ్లను నొక్కి ఉంచిన నీటి ఒత్తిడి ఒక్కసారిగా పోయి, రక్తం కాళ్లలోకి జారి గుండె ఆగే ప్రమాదం ఉంది కాబట్టి వీలైనంతవరకు పడుకోబెట్టినట్టుగా ఎత్తుతారు.

సిద్దిపేట జిల్లాలో సముద్రం లేదు గాని రంగనాయకసాగర్, మల్లన్నసాగర్, కొండపోచమ్మసాగర్ వచ్చాక పెద్ద నీరు ఇళ్లకు దగ్గరయింది. విహార నౌకలో మాదిరే ఇక్కడా ప్రమాదం జరిగేది పడవలో జాకెట్ తొడుక్కున్నవారికి కాదు, కట్ట మీద ఖాళీ చేతులతో నిలబడినవారికి. 2025 జనవరి 11న కొండపోచమ్మసాగర్‌లో దిగిన ఏడుగురు యువకుల్లో అయిదుగురు చనిపోయారు. కట్ట లోపలి వాలు నీటి కిందా అలాగే దిగిపోతుంది, నాచు పట్టిన రాతి మీద కాలు జారితే రెండు మూడు అడుగుల్లోనే నేల అందదు. మునిగేవారు సినిమాలో చూపినట్టు చేతులు ఊపి కేకలు వేయరు. ఊపిరి కోసం నోరు పైకెత్తి, చేతులతో పక్కలకు నీటిని నొక్కుతూ, నిమిషం లోపే నిశ్శబ్దంగా మునుగుతారు, దూకి పట్టుకోబోయినవారిని అదే చేతులతో కిందికి అదుముతారు. వస్తువు విసరమని రక్షణ నిపుణులు చెప్పేది ఇందుకే. ఇంటింటా కనిపించే 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్‌ను ఖాళీ చేసి మూత గట్టిగా బిగిస్తే అది దాదాపు 19 కిలోలను తేల్చగలదు, అంటే ఓడ లైఫ్‌బాయ్‌కు విధించిన 14.5 కిలోల కన్నా ఎక్కువే. లైఫ్‌బాయ్ చుట్టూ పట్టు తాడు ఉంటుంది, క్యాన్ నున్నగా ఉండి తడి చేతుల్లోంచి జారిపోతుంది కాబట్టి దాని మెడకు పొడవాటి తాడు కట్టి, ఒక కొస ఒడ్డున పట్టుకొని, మునిగే మనిషి తలకు తగలకుండా కాస్త అవతలికి విసిరి, తాడు అతని చేతి మీదుగా వచ్చేలా మెల్లగా ఇవతలికి లాగాలి.