పిన్నులు, టీషర్టులు కాదు.. సౌతాల్ బస్తీ గుర్తుపెట్టుకున్న పంక్ వేరే

లండన్‌లో పంక్ రాక్ ఇప్పుడు ఒక పాత జ్ఞాపకం. దాంతోపాటు మంచి వ్యాపారం కూడా. చెవికి పిన్నీసు, చిరిగిన చొక్కా, ముళ్లలా నిలబెట్టిన రంగుల జుట్టు.. ఈ బొమ్మలున్న టీషర్టులు, పోస్టర్లు టూరిస్టులు తిరిగే బజార్లలో ఎక్కడ చూసినా కనిపిస్తాయి. 2015లో సెక్స్ పిస్టల్స్ బ్యాండ్ ఆల్బమ్ అట్టల బొమ్మలతో ఏకంగా క్రెడిట్ కార్డులే వచ్చాయి. మరుసటి ఏడాది పంక్‌కు 40 ఏళ్లు నిండాయని లండన్‌లో ఉత్సవాలు చేశారు. ఇది చూసి ఒళ్లు మండిన జో కోరే 2016 నవంబర్ 26న థేమ్స్ నదిలో ఒక పడవ మీద తన దగ్గరున్న పంక్ వస్తువులకు నిప్పు పెట్టాడు. వాటి విలువ 50 లక్షల పౌండ్లని ఆయనే చెప్పాడు. సెక్స్ పిస్టల్స్ మేనేజర్ మాల్కమ్ మెక్‌లారెన్, డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్‌ల కొడుకు ఈయన.

అమ్ముకోవాలా, తగలబెట్టాలా అన్న ఈ గొడవలో ఒక బస్తీ పేరు ఎక్కడా వినిపించలేదు. అదే పశ్చిమ లండన్‌లోని సౌతాల్. అక్కడి జనానికి పంక్ అంటే ఫ్యాషన్ కాదు. ఇద్దరి చావు, ఒక రాత్రి జరిగిన దాడి, కలిసి పాడిన కొన్ని పాటలు.

అసలు పంక్ అంటే ఏంటి?

1970ల మధ్యలో బ్రిటన్‌లో నిరుద్యోగం పెరిగింది. చదువు ముగించి బయటికొచ్చిన కుర్రాళ్లకు పని దొరకని రోజులు. అప్పటి రాక్ సంగీతం చూస్తే పెద్ద పెద్ద స్టేడియాలకు, ఖరీదైన పరికరాలకు చేరిపోయింది. దానికి ఎదురుగా వచ్చిందే పంక్. రెండు మూడు నిమిషాల పాట, వేగం, అరుపు, అంతే. గిటారు అరకొరగా వచ్చినా బ్యాండ్ పెట్టేయొచ్చు. పెద్ద కంపెనీ తలుపు తియ్యకపోతే రికార్డు మనమే వేసుకుందాం అన్నది వాళ్ల పద్ధతి.

ఈ తెల్ల కుర్రాళ్లకు నల్లజాతి వాళ్ల రెగే సంగీతంతో దోస్తీ కుదరడానికి ఒక చిన్న కారణం ఉంది. 1977 మొదట్లో లండన్‌లో పంక్‌కు అడ్డాగా ఉన్న రాక్సీ క్లబ్‌లో డాన్ లెట్స్ అనే నల్లజాతి యువకుడు రికార్డులు వేసేవాడు. అప్పటికి మార్కెట్లోకి వచ్చిన పంక్ రికార్డులు చాలా తక్కువ. అందుకని బ్యాండ్‌కు, బ్యాండ్‌కు మధ్య ఖాళీలో జమైకా రెగే పాటలు వేసేవాడు. వినగా వినగా పంక్ కుర్రాళ్లకు అవి అలవాటైపోయాయి.

సౌతాల్‌లో ఏం జరుగుతోంది?

హీత్రూ విమానాశ్రయానికి దగ్గరగా ఉండే సౌతాల్‌కు 1950లు, 60లలో పంజాబీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. రబ్బరు ఫ్యాక్టరీలో, ఎయిర్‌పోర్టులో పని చేసుకుంటూ అక్కడే స్థిరపడ్డారు. కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కుటుంబాలు కూడా పక్కపక్కనే ఉండేవి. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ నడిపిన డొమినియన్ సినిమా హాల్లో హిందీ సినిమాలు ఆడేవి, సభలూ జరిగేవి.

1976 జూన్ 4న అదే డొమినియన్ దగ్గర గుర్దీప్ సింగ్ ఛగ్గర్ అనే 18 ఏళ్ల విద్యార్థిని తెల్ల కుర్రాళ్లు పొడిచి చంపారు. పెద్దవాళ్లు అర్జీలు పెట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదని పిల్లలు సౌతాల్ యూత్ మూవ్‌మెంట్ పెట్టుకున్నారు. ఆ ఆగస్టులోనే గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ బర్మింగ్‌హామ్‌లో స్టేజీ మీద నుంచి వలస వచ్చినవాళ్లకు వ్యతిరేకంగా మాట్లాడాడు. దానికి జవాబుగా ‘రాక్ ఎగైనెస్ట్ రేసిజం’ ఉద్యమం పుట్టింది. ఆ ఉద్యమం ఒక పంక్ బ్యాండ్‌నూ ఒక రెగే బ్యాండ్‌నూ ఒకే స్టేజీ ఎక్కించేది. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో క్లాష్, ఎక్స్-రే స్పెక్స్, స్టీల్ పల్స్ బ్యాండ్లు వాయిస్తే వేలల్లో జనం వచ్చారు.

సౌతాల్‌లో ఈ కలయికకు ఒక ఇల్లే ఉండేది. పార్క్ వ్యూ రోడ్డులోని 6వ నంబర్ ఇల్లు. స్థానిక రెగే బ్యాండ్ మిస్టీ ఇన్ రూట్స్ చుట్టూ ‘పీపుల్ యునైట్’ అనే సంఘం అక్కడ నడిచేది. వాయిద్యాలు, స్పీకర్లు ఉమ్మడిగా వాడుకునేవాళ్లు. ఆ చుట్టుపక్కల పెరిగిన పంక్ బ్యాండ్ రట్స్ తన మొదటి రికార్డును 1979లో ఈ సంఘం పేరు మీదే విడుదల చేసింది. తెల్ల పంక్ కుర్రాళ్ల మొదటి రికార్డు వేసింది నల్లజాతి రెగే సంఘం. ‘ఎవరి సంగీతం వాళ్లదే’ అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

1979 ఏప్రిల్ 23

ఆ ఏడాది మే 3న సాధారణ ఎన్నికలు. వలస వచ్చినవాళ్లను వెనక్కి పంపాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ కావాలనే సౌతాల్ టౌన్ హాల్లో సభ పెట్టింది. అనుమతి ఇవ్వొద్దని స్థానికులు ఎంత మొత్తుకున్నా అధికారులు వినలేదు. ఏప్రిల్ 23న దుకాణాలు మూసేసి జనం వీధుల్లోకి వచ్చారు. సభకు కాపలాగా వేలమంది పోలీసులు దిగారు. ఆ సాయంత్రం నిరసనకు వచ్చిన బ్లెయిర్ పీచ్ అనే టీచర్ తల మీద దెబ్బ పడింది. న్యూజిలాండ్ నుంచి వచ్చి లండన్‌లో పాఠాలు చెప్పుకునే ఆయన అర్ధరాత్రి దాటాక ఆస్పత్రిలో చనిపోయాడు. వయసు 33 ఏళ్లు.

పోలీసులు పార్క్ వ్యూ రోడ్డు ఇంట్లోకీ చొరబడ్డారు. లోపలున్నవాళ్లను కొట్టారు, సంగీత పరికరాలు పగలగొట్టారు. మిస్టీ మేనేజర్ క్లారెన్స్ బేకర్ పుర్రె చిట్లి కోమాలోకి వెళ్లాడు. ఒక్క రోజులో సుమారు 700 మంది అరెస్టయ్యారు.

కేసులకు డబ్బు కావాలి. జూలైలో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో జరిగిన సహాయ కచేరీల్లో క్లాష్, మిస్టీ, పీట్ టౌన్‌షెండ్ వాయించారు. బేకర్‌కు జరిగిన దాని మీద రట్స్ ‘జా వార్’ అనే పాట చేసింది. బ్లెయిర్ పీచ్ భౌతికకాయాన్ని డొమినియన్ సినిమా హాల్లోనే ఉంచితే వేలమంది వరుస కట్టి చూసి వెళ్లారు. ఆయనది ప్రమాదవశాత్తూ సంభవించిన మరణమని 1980లో తేల్చేశారు. పోలీసుల సొంత విచారణ నివేదిక మాత్రం 31 ఏళ్ల తర్వాత, 2010 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. ఆ దెబ్బ కొట్టింది ఒక పోలీసు అధికారే అయి ఉంటాడని అందులో ఉంది. ఎవరికీ శిక్ష పడలేదు.

మన పేర్లతో ఒక పంక్ బ్యాండ్

1978 జనవరిలో, అప్పటి ప్రతిపక్ష నేత మార్గరెట్ థాచర్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, వేరే సంస్కృతి జనంతో దేశం మునిగిపోతుందేమోనని ప్రజలు భయపడుతున్నారని అన్నారు. ఆ మాటనే పేరుగా పెట్టుకుని 1979లో దక్షిణ లండన్‌లో ‘ఏలియన్ కల్చర్’ బ్యాండ్ పుట్టింది. ముగ్గురు పాకిస్తానీ కుటుంబాల కుర్రాళ్లు, ఒక తెల్ల గిటారిస్టు. 1980లో ‘ఏషియన్ యూత్’ అనే పాటతో ఒక్క రికార్డు వేశారు. ఇంట్లో అమ్మానాన్నల కట్టుబాట్లు, బయట తెల్లవాళ్ల తిట్లు.. రెండింటి మధ్య నలిగిపోయే పిల్లల గోడు వాళ్ల పాటల్లో ఉంది. 1981కల్లా విడిపోయారు. పంక్ చరిత్ర పుస్తకాల్లో చాలావాటిలో వీళ్ల పేరు కూడా ఉండదు.

పంక్ అంతా మంచే కాదు

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. 1981 జూలై 3న సౌతాల్‌లోని హాంబ్రో టావెర్న్ అనే పబ్బులో పంక్ నుంచే చీలి వచ్చిన ‘ఓయ్’ బ్యాండ్ల కచేరీ పెట్టారు. దానికి బయటి నుంచి బస్సుల్లో స్కిన్‌హెడ్లు దిగారు. దారిలో దుకాణాలవాళ్లను వేధించారు. 1976ను, 1979ను చూసిన కుర్రాళ్లు ఈసారి ఊరుకోలేదు. ఆ రాత్రి పబ్బు తగలబడిపోయింది. తాము జాత్యహంకారులం కాదని ఆ బ్యాండ్లు తర్వాత చెప్పుకున్నాయి. కానీ ఏ బస్తీలో, ఎవరిని వెంటబెట్టుకొచ్చి వాయిస్తున్నామన్నది కూడా చూసుకోవాలి కదా. అదే గిటారు, అదే మోత. ఒకచోట అండగా నిలిచింది, ఇంకోచోట బెదిరింపు అయింది.

ఆ తర్వాత సౌతాల్ వీధుల్లో బాగా మోగింది పంక్ కాదు, భాంగ్రా. 1977లో అక్కడే మొదలైన అలాప్ బృందం పంజాబీ జానపదానికి సింథసైజర్ కలిపి పెళ్లి పందిళ్లను ఊపేసింది. మన పాట మనమే తయారు చేసుకుంటాం అన్న పట్టుదల ఇందులోనూ ఉంది.

పాత రోజులను తలచుకోవడం తప్పేం కాదు. కానీ పిన్నీసును గుర్తుపెట్టుకుని బ్లెయిర్ పీచ్‌ను మర్చిపోతే అది జ్ఞాపకం కాదు, అమ్మకానికి పెట్టిన బొమ్మ. ఇవాళ సౌతాల్‌లో బ్లెయిర్ పీచ్ పేరుతో ఒక ప్రైమరీ స్కూల్ ఉంది. ఆ బడికి వెళ్లే పిల్లలు రోజూ ఆ పేరు పలుకుతున్నారు. లండన్‌లో మిగిలిన పంక్ జ్ఞాపకాల్లో వెల కట్టలేనిది అదే.