ఇనుప మేజోళ్లు

దావీదు గొల్యాతుల కథ మన సండేస్కూలు పిల్లలకు కంఠతా వచ్చు. ఒడిసెల, అయిదు నున్నని రాళ్లు, ఆ శూరుడి ఈటె అన్నీ గడగడా చెబుతారు. గొల్యాతు కాళ్లకు కూడ కవచం ఉండేదని మొదటి సమూయేలు 17వ అధ్యాయంలో ఉన్న సంగతి మాత్రం పెద్దలమే మరచిపోతాం.

సుమారు 1250 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు చిత్రకారులు ఈ కథలన్నిటినీ ఒక బొమ్మల బైబిలుగా గీశారు. అందులో ఎక్కువ భాగం ఇప్పుడు న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయంలో ఉంది. అందులో ఇశ్రాయేలీయులు, ఫిలిష్తీయులు ఆ చిత్రకారుల కాలపు ఐరోపా సైనికుల వేషంలోనే కనబడతారు! ఒంటికి ఇనుప ఉంగరాలతో అల్లిన చొక్కాలు, చాలామంది గుర్రపు వీరుల కాళ్లకు అవే ఉంగరాల మేజోళ్లు.

ఈ మేజోళ్ల తయారీ ఓపిక పరీక్షే. కమ్మరి ఇనుప తీగను కడ్డీకి చుట్టి, ఉంగరాలుగా కోసి, కొసలను చదును చేసి, రంధ్రం పొడిచి, గసగసంత మేకుతో బిగించాలి. ఒక్కొక్క ఉంగరాన్ని మరి నాలుగింటితో కలపాలి. అలా వేల ఉంగరాలు. లోపల బొంతలా కుట్టిన గుడ్డ తొడుక్కొని, పైన ఈ మేజోళ్లు వేసుకొని, నడుముకున్న పట్టీకి తాళ్లతో కట్టేవారు. బరువంతా నడుము మీద పడకుండా మోకాలి కింద ఒక వారు బిగించేవారు.

ఇంత అవస్థ ఎందుకంటే, గుర్రం మీద ఉన్నవాడి కాలు నేల మీద ఉన్నవాడి కత్తికి సరిగ్గా అందుతుంది. అయినా ఇనుము అన్ని వేళలా కాపాడలేదు. వేల్సు దేశంలో ఒక బాణం ఒక సైనికుని తొడకున్న ఇనుప కవచాన్ని, తొడను, జీనును చీల్చుకొని గుర్రాన్ని కూడ చంపిందని 12వ శతాబ్దం చివర జెరాల్డు అనే క్రైస్తవ గురువు వ్రాశాడు.

మరి కాలినడకన వెళ్లే పేదవాడి సంగతి? ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ 1181లో ఎవరి దగ్గర ఏమేమి ఉండాలో శాసించాడు. సామాన్యుడికి బొంత చొక్కా, ఇనుప టోపీ, ఈటె. కాళ్ల ఊసే లేదు.

దాని ఫలితం స్వీడనుకు చెందిన గోత్లండు ద్వీపంలో తవ్వకాల్లో బయటపడింది. 1361 జూలైలో డెన్మార్కు రాజు వాల్డెమార్ సైన్యం మీదికి అక్కడి రైతులు విస్బీ పట్టణపు గోడల ముందు నిలిచారు. వారిలో కుర్రవాళ్లు, ముసలివాళ్లు కూడ ఉన్నారు. అప్పటికి ధనవంతులైన యోధులు ఉంగరాలు చాలక కాళ్లకు ఇనుప రేకులే కట్టుకొంటున్నారు. ఈ రైతుల్లో కొందరికి తలకు, ఒంటికి ఇనుప అల్లిక ఉంది గాని, కాళ్లకు రక్షణ బహు తక్కువ.

ఎండల కాలం కావడంతో శవాలను కవచాలతోనే గోతుల్లో పూడ్చేశారు. 20వ శతాబ్దంలో ఆ గోతులు తవ్వినప్పుడు వెయ్యిమందికి పైగా బయటపడ్డారు. ఎముకల మీది నరుకుల్లో చాలా భాగం మోకాలి కిందనే. రెండు కాళ్లూ తెగిపోయినవాడు కూడ ఉన్నాడు.

అక్కడ ఒక రాతి సిలువ ఉంది. విస్బీ ద్వారాల ఎదుట పడిపోయిన గోత్లండువారు ఇక్కడ పాతిపెట్టబడ్డారని దాని మీద లాటినులో చెక్కారు. ఒక్కరి పేరూ లేదు.